పది రూపాయల ప్యాకెట్ నుంచి పండగ డబ్బా దాకా: చిరుతిండి కొలత ఎక్కడ తప్పుతోంది?

క్లుప్తంగా: చిరుతిండి ఎంత తింటామన్నది ఆకలి కన్నా ఎదురుగా ఉన్న ప్యాకెట్ సైజును బట్టే ఎక్కువగా ఉంటుందని ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ సైజును చాలావరకు తేల్చేది ధర. లేబుల్ మీద కనిపించే ‘సర్వింగ్’ (ఒకసారికి తినే మోతాదు) కంపెనీ ఎంచుకున్న కొలత. ఇంట్లో చేసినవాటికి, తూకానికి కొన్నవాటికి ఆ కొలత కూడా ఉండదు. అందుకే తింటూ తింటూ ఆపుకోవడం కంటే, ఎంత తినాలో మొదలుపెట్టకముందే తేల్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. చిన్న ప్యాకెట్లు కొనడం, చిన్న ప్లేటు వాడడం లాంటి ప్రసిద్ధ చిట్కాలకు ఉన్న ఆధారం మాత్రం అనుకున్నంత గట్టిది కాదు.

సమోసా గొడవ తేల్చని సంగతి

2025 జులైలో కొన్ని రోజుల పాటు దేశమంతా సమోసా గురించే మాట్లాడుకుంది. సిగరెట్ పెట్టెల మీద ఉన్నట్టే సమోసా, జిలేబీల మీద కూడా హెచ్చరికలు రాబోతున్నాయని వార్తలు గుప్పుమన్నాయి. జులై 15న కేంద్రం వివరణ ఇచ్చింది. ఆఫీసుల్లో, క్యాంటీన్లలో తినే పదార్థాల్లో నూనె, చక్కెర ఎంత ఉన్నాయో తెలిపే బోర్డులు పెట్టమని ఆరోగ్య శాఖ సలహా ఇచ్చిందే తప్ప, బండి మీద అమ్మే వాటికి లేబుళ్లు అంటించమనలేదని చెప్పింది. దాంతో గొడవ చల్లారింది.

అసలు విషయం మాత్రం తేలలేదు. ఒక సమోసాలో ఎంత నూనె ఉందో బోర్డు చెప్పగలదు. ప్లేటులో రెండు వస్తే ఒకటి వదిలేయడం ఎందుకంత కష్టమో చెప్పలేదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అందులో అంచనా వేసింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్నవాటిని, అల్ట్రా ప్రాసెస్డ్ పదార్థాలను (చిప్స్, కూల్‌డ్రింకుల్లా ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసేవాటిని) బాగా తగ్గించాలని చెప్పింది. తెలుగు రాష్ట్రాలకు ఇది మరీ దగ్గరి విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. మగవాళ్లలోనూ రెండు రాష్ట్రాలు దేశ సగటు కంటే పైనే ఉన్నాయి. దీనికి చిరుతిండి ఒక్కటే కారణమని ఎవరూ అనరు. తెల్లన్నం, కూర్చుని చేసే పనులు, కరువైన నిద్ర అన్నీ ఇందులో ఉన్నాయి. అయితే మిగతా వాటిలా కాకుండా, చిరుతిండిని తగ్గించాలని దాదాపు అందరూ ఒప్పుకుంటారు, ప్రయత్నిస్తారు కూడా. ఆ ప్రయత్నం ఎక్కడ బెడిసికొడుతోందన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు ఎంత పెడితే అంత

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం ఈ విషయం మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. 2002లో వాళ్లు ఒక ప్రయోగం చేశారు. ఒకే వంటకాన్ని (చీజ్ వేసిన మ్యాకరోనీ) వేర్వేరు రోజుల్లో 500, 625, 750, 1000 గ్రాముల చొప్పున వడ్డించారు. కావలసినంత తిని మిగిలింది వదిలేయమన్నారు. అన్నిటికన్నా చిన్న వడ్డనతో పోలిస్తే పెద్ద వడ్డన రోజున జనం 30 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. తిన్న తర్వాత ఆకలి, కడుపు నిండిన భావన ఎలా ఉన్నాయని అడిగితే మాత్రం రెండు రోజులకూ దాదాపు ఒకే జవాబు వచ్చింది.

చిరుతిండికి ఇంకా దగ్గరగా ఉండేది 2004 నాటి ప్రయోగం. సాయంత్రం పూట బంగాళాదుంప చిప్స్‌ను 28, 42, 85, 128, 170 గ్రాముల ప్యాకెట్లలో ఒక్కో రోజు ఒక్కో సైజు చొప్పున ఇచ్చారు. ప్యాకెట్ పెరిగే కొద్దీ తిన్నదీ పెరిగింది. అంతకన్నా గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. మూడు గంటల తర్వాత రాత్రి భోజనం పెట్టారు. చిప్స్ ఎక్కువ తిన్నవాళ్లు భోజనం ఆ మేరకు తగ్గించాలి కదా? తగ్గించలేదు. ‘సాయంత్రం ఎక్కువైంది, రాత్రికి సరిచేసుకుందాం’ అన్నది మనసు వేసుకునే లెక్కే. ఒంట్లో ఆ లెక్క రాసుకునే పద్ధతి చాలా బలహీనం.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఒక వివరణ ఏమిటంటే, మనిషి ఆహారాన్ని గ్రాముల్లో కాకుండా ‘ఒకటి’ చొప్పున లెక్కపెడతాడు. ఒక సమోసా, ఒక ప్యాకెట్, ఒక కప్పు. ఆ ‘ఒకటి’ ఎంత పెద్దదైనా అదే సరైన మోతాదులా అనిపిస్తుంది. 2006లో ఆండ్రూ గైయర్, పాల్ రోజిన్ తదితర పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో గిన్నె నిండా రంగు రంగుల చాక్లెట్ బిళ్లలు పెట్టి, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చని బోర్డు పెట్టారు. ఒక రోజు గిన్నెలో చిన్న చెంచా, మరో రోజు నాలుగింతలు పట్టే పెద్ద చెంచా వేశారు. పెద్ద చెంచా ఉన్న రోజున బిళ్లలు బాగా ఎక్కువగా ఖర్చయ్యాయి. ఇంకో చెంచాడు వేసుకోవద్దని గానీ, చెంచాలో సగమే తీసుకోవద్దని గానీ ఎవరూ అనలేదు. అయినా చెంచా సైజే మోతాదును తేల్చేసింది.

2015లో, ఆరోగ్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఇలాంటి 72 అధ్యయనాలను కలిపి సమీక్షించింది. పెద్ద వడ్డన, పెద్ద ప్యాకెట్, పెద్ద పాత్ర ఎదురైనప్పుడు జనం స్థిరంగా ఎక్కువ తింటారని తేల్చింది. ఒక్కో పూట చూస్తే ఆ తేడా చిన్నదో మధ్యస్థమో అయినా, రోజూ జరిగేది కాబట్టి మొత్తం మీద తక్కువేమీ కాదు. లావుగా ఉన్నవాళ్లూ సన్నగా ఉన్నవాళ్లూ, ఆడవాళ్లూ మగవాళ్లూ అన్న భేదం పెద్దగా కనిపించలేదు. తక్కువ తినడం అంటే గట్టి మనసున్నవాళ్ల వ్యవహారం అన్న నమ్మకానికి ఇది గట్టి జవాబు.

కడుపు ‘చాలు’ అనేలోపే

అన్నం పప్పు విషయంలో పెద్ద ప్లేటు ఉన్నా ఏదో ఒక చోట ఆగుతాం. చిప్స్ విషయంలో ఆగడం కష్టం. దీనికి మూడు కారణాలు ఒకదానికొకటి తోడవుతాయి.

మొదటిది బరువుకు తగ్గ కేలరీలు. చిప్స్‌లో, మిక్చర్‌లో, జంతికల్లో నీరు దాదాపు ఉండదు. వంద గ్రాముల చిప్స్‌లో సుమారు 550 కిలోకేలరీలు ఉంటాయి. ఉడికించిన మొక్కజొన్న గింజల్లో అదే వంద గ్రాములకు సుమారు వంద. కడుపు గోడలు సాగడం ‘చాలు’ అన్న సంకేతాల్లో ముఖ్యమైనది. కడుపుకు తెలిసేది పరిమాణమే, కేలరీలు కావు. చిప్స్ నమిలాక పిడికెడు కూడా మిగలవు.

రెండోది వేగం. మొక్కజొన్న కంకి తినాలంటే కొరకాలి, నమలాలి, పళ్ల సందుల్లో ఇరుక్కున్నది తీసుకోవాలి, మధ్యలో ఉప్పూ నిమ్మకాయా రాసుకోవాలి. ఒక కంకికి పది నిమిషాలైనా పడుతుంది. పాతిక గ్రాముల చిప్స్ ప్యాకెట్ రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పేగుల నుంచి వెలువడే హార్మోన్లు మెదడుకు కబురు చేర్చడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ కబురు అందేసరికి రెండో ప్యాకెట్ కూడా అయిపోయి ఉంటుంది.

ఈ రెండింటికీ గట్టి సాక్ష్యం 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టం. అల్ట్రా ప్రాసెస్డ్ తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. రెండు వారాల్లో సగటున 0.9 కిలో బరువు పెరిగారు. మామూలు తిండికి మారినప్పుడు అంతే తగ్గారు. చేసింది తక్కువ మంది మీదే, తక్కువ కాలమే. కానీ ఆసుపత్రిలో ప్రతి ముద్దా తూచి చేసిన ప్రయోగం కాబట్టి, జనం ఏం తిన్నారో అడిగి తెలుసుకునే సర్వేల కన్నా దీని మాటకు విలువ ఎక్కువ.

మూడోది రుచి కూర్పు. కాన్సాస్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో దీనికి అంకెలతో కూడిన నిర్వచనం ఇచ్చారు. కేలరీల్లో 25 శాతానికి పైగా కొవ్వు నుంచే వస్తూ, బరువులో కనీసం 0.3 శాతం సోడియం ఉంటే అది అతిగా తినిపించే రకం. కొవ్వు చక్కెర కలిస్తే ఒక లెక్క, పిండి ఉప్పు కలిస్తే మరో లెక్క. చిప్స్‌లో కేలరీల్లో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తాయి. ఈ కొలతల్లో చూస్తే మన కారప్పూస, చెగోడీలు కూడా చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. ఇది ఫ్యాక్టరీ కుట్ర మాత్రమే అనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీ చేసిందల్లా ఆ కూర్పును ఏడాది పొడవునా, ప్రతి కిరాణా కొట్టులో, చేతికందే ఎత్తులో దొరికేలా చేయడం.

రకాల సంగతి కూడా ఒకటుంది. ఒకే రుచి కాసేపటికి మొహం మొత్తుతుంది, రుచి మారిస్తే మళ్లీ నోరూరుతుంది. 1981లో రోల్స్ బృందమే నాలుగు రకాల శాండ్‌విచ్‌లు పెట్టినప్పుడు జనం ఒకే రకం పెట్టినప్పటికన్నా మూడో వంతు ఎక్కువ తిన్నారని చూపింది. ఒక లడ్డూ, కాస్త మిక్చర్, రెండు జంతికలు, ఒక సున్నుండ పెట్టిన పండగ ప్లేటు సరిగ్గా ఆ ప్రయోగమే.

లేబుల్ మీద ఎవరి కొలత?

భారత ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో వంద గ్రాములకు ఎంతో చెప్పాలి. ఒక సర్వింగ్‌తో రోజువారీ అవసరంలో ఎంత శాతం అందుతుందో కూడా చెప్పాలి. ఆ శాతానికి ఆధారం సగటు పెద్ద మనిషికి రోజుకు 2000 కిలోకేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల అదనపు చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. సర్వింగ్ ఎంతన్నది కంపెనీ నిర్ణయించుకుంటుంది. 100 గ్రాముల చిప్స్ ప్యాకెట్ తీసుకుందాం. సర్వింగ్ 20 గ్రాములు అని రాస్తే కొవ్వు రోజువారీ అవసరంలో పది శాతం అని కనిపిస్తుంది. 30 గ్రాములు అని రాస్తే పదిహేను. సినిమా చూస్తూ ప్యాకెట్ మొత్తం లాగించిన మనిషి లెక్క యాభై శాతం. మూడు అంకెలూ నిజమే. కానీ ఆ మూడో అంకె ప్యాకెట్ మీద ఎక్కడా ఉండదు. దానికోసం కొన్నవాళ్లే గుణించుకోవాలి. అంత చిన్న అక్షరాలను వెలుతురులో పట్టుకుని చదివి, పైగా గుణకారం చేసేవాళ్లు ఎంతమంది?

రెండో మెలిక పిల్లలది. ఆ శాతాలన్నీ పెద్దవాళ్లవి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది సుమారు 1350 కిలోకేలరీలు. తండ్రికీ ఐదేళ్ల కొడుక్కీ చెరొక పది రూపాయల ప్యాకెట్ కొంటే ఇద్దరికీ సమానంగా ఇచ్చినట్టు అనిపిస్తుంది. రోజు మొత్తం తిండిలో వాటా చూస్తే పిల్లవాడికి తండ్రి కన్నా ఒకటిన్నర రెట్లు ఇచ్చినట్టు. భోజనానికి గంట ముందు ఆ ప్యాకెట్ అయిపోతే, ‘వీడు అన్నం సరిగా తినడు’ అన్న ఫిర్యాదు మిగులుతుంది.

అమెరికాలో సర్వింగ్ కొలతను కంపెనీల ఇష్టానికి వదలరు. జనం ఒక్కసారికి సాధారణంగా ఎంత తింటారో చూసి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఎంత తినాలన్నది దాని ఉద్దేశం కాదు. 2016లో నిబంధనలు మార్చి ఐస్‌క్రీమ్ సర్వింగ్‌ను అర కప్పు నుంచి మూడింట రెండు వంతుల కప్పుకు పెంచారు. జనం తినేది పెరిగింది కాబట్టి లేబుల్ నిజం చెప్పాలన్నది వాదన. రెండు సర్వింగ్‌ల లోపు ఉన్న ప్యాకెట్‌ను ఒకే సర్వింగ్‌గా చూపాలి. రెండు నుంచి మూడు సర్వింగ్‌లు ఉంటే సర్వింగ్‌కు ఎంతో, మొత్తం ప్యాకెట్‌కు ఎంతో పక్కపక్కనే రెండు వరుసల్లో ముద్రించాలి. ఈ రెండు వరుసల పద్ధతి చాలా చిన్న మార్పు, పెద్ద ఖర్చేమీ లేదు. మన దగ్గర చర్చ ప్యాకెట్ ముందువైపు వేయాల్సింది నాణ్యతను చూపే నక్షత్రాలా, హెచ్చరిక గుర్తులా అన్న దాని చుట్టూనే తిరుగుతూ దీన్ని పట్టించుకోకపోవడం ఒక లోటు.

సైజును నడిపేది నాణెం

మన దేశంలో ప్యాకెట్ సైజు వెనక ఉన్న అసలు శక్తి ఐదు, పది, ఇరవై రూపాయల ధరలు. చిల్లర సమస్య లేకుండా, పిల్లవాడి చేతిలోని నాణేనికి సరిపోయేలా ధర మార్చకుండా ఉంచుతారు. నూనె, బంగాళాదుంప ధరలు పెరిగితే గ్రాములు తగ్గుతాయి. అదే పది రూపాయల ప్యాకెట్ ఏళ్లు గడిచేకొద్దీ చిక్కిపోవడం అందరూ చూసిందే. కొనేవాళ్లు దీన్ని మోసం అనుకున్నా, పోర్షన్ (ఒకసారికి తినే పరిమాణం) కోణంలో చూస్తే అది మేలే చేసింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఇది ఎదురు తిరిగింది. ప్యాకెట్లలో అమ్మే నమ్‌కీన్, మిక్చర్ లాంటి వాటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, బిస్కెట్లు, చాక్లెట్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌ను ఎనిమిది రూపాయల తొంభై పైసలకు అమ్మడం కుదిరే పని కాదు. అందుకే చిన్న ప్యాకెట్లలో ధర అలాగే ఉంచి గ్రాములు పెంచుతామని పలు కంపెనీలు చెప్పాయి. లెక్క వేస్తే, పన్ను తగ్గింపు మొత్తం గ్రాముల రూపంలో ఇస్తే 12 శాతం శ్లాబులో ఉన్న ప్యాకెట్ దాదాపు 7 శాతం, 18 శాతం శ్లాబులో ఉన్నది 12 శాతానికి పైగా పెరగాలి. రోజూ ఒక ప్యాకెట్ తినే మనిషి తన అలవాటు ఏమీ మార్చుకోకుండానే ఎనిమిదో వంతు వరకు ఎక్కువ తింటాడు. పన్ను తగ్గడం వినియోగదారుడికి లాభమే, అందులో అనుమానం లేదు. అయితే అదే ఏడాది జనవరిలో వచ్చిన ఆర్థిక సర్వే అల్ట్రా ప్రాసెస్డ్ తిండి మీద పన్ను పెంచే ఆలోచన చేయాలని సూచించింది. ఒకే ఏడాదిలో ఒకే ప్రభుత్వం నుంచి వచ్చిన రెండు దిశలివి. తీపి కూల్‌డ్రింకులను మాత్రం 40 శాతం శ్లాబులో పెట్టారు.

సినిమా హాలు లెక్క వేరు. అక్కడ నాణెం అడ్డు లేదు. చిన్న పాప్‌కార్న్‌కూ పెద్ద టబ్బుకూ మధ్య ధర తేడా కావాలనే తక్కువగా ఉంచుతారు. అదనంగా పోసే పాప్‌కార్న్‌కు అయ్యే ఖర్చు టికెట్ సిబ్బంది జీతం, కరెంటు, అద్దెలతో పోలిస్తే లెక్కలోకి రాదు. కొనేవాళ్లకు మాత్రం ‘ఇంకాస్త పెడితే రెండింతలు వస్తుంది’ అన్న లాభం కనిపిస్తుంది. తీసుకున్నాక వదిలేయబుద్ధి కాదు. న్యూయార్క్ నగరం 2012లో హోటళ్లు, సినిమా హాళ్లలో తీపి కూల్‌డ్రింకుల గ్లాసు 16 ఔన్సులకు (సుమారు 470 మిల్లీలీటర్లకు) మించకూడదని నిబంధన తెచ్చింది. అమల్లోకి రాకముందే కోర్టు ఆపింది, 2014లో పై కోర్టు పూర్తిగా కొట్టేసింది. సైజును చట్టంతో కట్టడి చేయడం రాజకీయంగా ఎంత కష్టమో ఆ కేసు చూపింది.

చిన్న ప్యాకెట్ మందా, మాయా?

పెద్ద ప్యాకెట్ ఎక్కువ తినిపిస్తే చిన్న ప్యాకెట్లు కొంటే సరిపోతుంది కదా అన్నది సహజమైన ఆలోచన. అమెరికాలో 2004 నుంచి వంద కేలరీల ప్యాకెట్లు దీని మీదే అమ్ముడుపోయాయి.

2008లో పోర్చుగల్, నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. టీవీ ప్రకటనలు చూడడానికని పిలిచి, కొందరికి రెండు 200 గ్రాముల చిప్స్ ప్యాకెట్లు, కొందరికి తొమ్మిది 45 గ్రాముల ప్యాకెట్లు పక్కన పెట్టారు. ముందుగా బరువు, ఒంటి తీరు గురించిన ప్రశ్నలు అడిగి జాగ్రత్తను గుర్తుచేసిన వాళ్లలో విచిత్రమైన ఫలితం కనిపించింది. పెద్ద ప్యాకెట్ వచ్చిన వాళ్లు దాన్ని తెరవడానికే వెనకాడారు. చిన్న ప్యాకెట్లు వచ్చిన వాళ్లు నిశ్చింతగా తెరిచి, ఒకటయ్యాక మరొకటి అందుకుని దాదాపు రెండింతలు తిన్నారు. పెద్ద ప్యాకెట్ చూస్తే పుట్టే టెన్షన్ చిన్న ప్యాకెట్ చూస్తే పుట్టదు.

అంటే చిన్న ప్యాకెట్ పనిచేసేది ఒక్కటే దగ్గర ఉన్నప్పుడు. కొట్టుకు వెళ్లి ఒకటి కొని, అక్కడే తినేస్తే కథ ముగిసినట్టే, రెండోది కావాలంటే మళ్లీ మెట్లు దిగాలి. అవే ప్యాకెట్లు పన్నెండు ఒక కవర్లో ఇంటికి వస్తే పన్నెండు గదుల పెద్ద ప్యాకెట్ వచ్చినట్టే. ‘సొంతంగా పోర్షన్లు చేసి డబ్బాల్లో పెట్టుకోండి’ అన్న సలహాకూ ఇదే షరతు వర్తిస్తుంది. పోర్షన్ డబ్బాలు పక్కపక్కనే చేతికందే చోట ఉంటే వాటి మధ్య గోడలకు పెద్ద బలం ఉండదు.

లేబుల్ లేని తిండి

తెలుగు ఇళ్లలో చిరుతిండి అంటే ప్యాకెట్ ఒక్కటే కాదు. స్వగృహ దుకాణంలో పావు కేజీ కారప్పూస, అర కేజీ మిక్చర్. సంక్రాంతికి స్టీలు డబ్బాల నిండా అరిసెలు, జంతికలు, సకినాలు. అమెరికాలో ఉన్న పిల్లలకు కొరియర్‌లో వెళ్లే పది కిలోల పెట్టె. వీటిలో వేటికీ సర్వింగ్ లేదు, శాతాలు లేవు. ‘ఇంట్లో చేసినవే కదా’ అన్న భరోసా ఆ ఖాళీని నింపుతుంది.

శుభ్రత, నూనె నాణ్యత, రంగులూ నిల్వ రసాయనాలూ లేకపోవడం దృష్ట్యా ఆ భరోసాకు అర్థం ఉంది. కేలరీల దృష్ట్యా లేదు. నూనెలో వేగిన పిండి ఎవరింట్లో వేగినా వంద గ్రాములకు 500 కిలోకేలరీలకు అటూఇటూగానే ఉంటుంది. పావు కేజీ మిక్చర్ అంటే 1250కి పైగా. నలుగురు రెండు సాయంత్రాలు తింటే తలా 150, ఒక మనిషి టీవీ ముందు ఒక్కడే రెండు సాయంత్రాల్లో పూర్తిచేస్తే పూటకు 600, అంటే మోస్తరు భోజనమంత. ఇంట్లో చేసినదానికి ఇంకో చిక్కు కూడా ఉంది. అది మిగిలిపోతే మెత్తబడుతుందని, కష్టపడి చేశారు కదా అని, తినడమే మర్యాదగా మారుతుంది. వచ్చిన చుట్టానికి కొసరి వడ్డించే అలవాటున్న చోట ‘చాలు’ అన్న మాటను మొదటిసారి ఎవరూ లెక్కచేయరు.

బండి దగ్గర పరిస్థితి నిజానికి మెరుగు. నాలుగు మిర్చి బజ్జీలు ఒక ప్లేటు, ఎనిమిది పునుగులు ఒక ప్లేటు. ముక్కల లెక్క కాబట్టి ఎంత తిన్నామో తెలుస్తుంది, వేడి వల్ల నెమ్మదిగా తింటారు, అయిపోయాక ఇంకో ప్లేటు అడగడానికి మళ్లీ డబ్బు తీయాలి. పొట్లం కట్టే న్యూస్‌పేపర్ సిరా మంచిది కాదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లో హెచ్చరించింది, అది వేరే సంగతి. కొలత వరకు చూస్తే పొట్లం మంచి పనే చేసేది.

ఇంటి డబ్బాకు కొలత తేవాలంటే వంటింటి తూకం మీద ఒక్కసారి తూచి చూడడం చాలు. ఇంట్లో రోజూ వాడే చిన్న గిన్నెలో ఎంత మిక్చర్ పడుతుందో తెలిస్తే ఆ గిన్నే కొలత అవుతుంది. 30 గ్రాములు అంటే పెద్దవాళ్ల చేతికి దాదాపు ఒక గుప్పెడు. అయితే మరమరాలకూ మిక్చర్‌కూ ఒకే గిన్నె లెక్క కుదరదు. అదే గిన్నెడు మరమరాలు పదిహేను గ్రాములు కూడా తూగవు, బూందీ నాలుగైదు రెట్లు తూగుతుంది. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర ఎక్కువగా, కారప్పూస కొంచెంగా కలిపే ముంత మసాలా ఇందుకే మంచి మార్గం. పరిమాణం పెద్దది, నీరున్న ముక్కలున్నాయి, నమలాలి. కేలరీల్లో మిక్చర్‌కు చాలా దూరంలో ఉంటుంది.

చిట్కాల్లో తాలు ఎంత?

ఇంటర్నెట్‌లో తిరిగే పోర్షన్ చిట్కాల్లో చాలావాటికి మూలం అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో బ్రయాన్ వాన్‌సింక్ నడిపిన ప్రయోగశాల. చిన్న ప్లేటు వాడండి, తిండి కంటికి కనిపించకుండా పెట్టండి లాంటివి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకాయి. 2017 నుంచి ఆ పరిశోధన పత్రాల్లో అంకెల తప్పులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 2018 సెప్టెంబర్‌లో అమెరికా వైద్య సంఘం పత్రికలు ఆరు పత్రాలను ఒకేసారి ఉపసంహరించుకున్నాయి. విద్యాపరమైన అక్రమాలు జరిగాయని యూనివర్సిటీ తేల్చింది, ఆయన తప్పుకున్నారు. మొత్తం మీద పదికి పైగా పత్రాలు చెల్లకుండా పోయాయి.

చిట్కాలు మాత్రం ఆగలేదు. ప్లేటు సైజు మీద ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఫలితం ఒకేలా రాలేదు. కొన్నింట్లో తేడా కనిపించింది, కొన్నింట్లో లేదు. చిన్న ప్లేటు పెట్టినా మళ్లీ వడ్డించుకునే వీలుంటే తేడా కరిగిపోవడం అర్థం చేసుకోదగ్గదే. ప్యాకెట్ సైజు, వడ్డన సైజు ప్రభావం మాత్రం ఒక్క ల్యాబ్ మీద ఆధారపడినది కాదు. దూరంగా, కష్టంగా అందేలా పెడితే తక్కువ తింటారన్నదానికీ వేర్వేరు బృందాల నుంచి మద్దతు ఉంది.

కఠిన నిషేధం గురించి కూడా ఒక మాట. పూర్తిగా మానేస్తామని పట్టుబట్టి, ఒక రోజు తప్పాక ‘ఎలాగూ తప్పింది’ అని డబ్బా ఖాళీ చేసే ధోరణి డైటింగ్ చేసేవాళ్లలో పరిశోధకులు 1970ల నుంచే గుర్తించినది. అలాంటి అతి తిండి తరచూ జరుగుతుంటే అది గిన్నెలతో, తూకాలతో తీరే సమస్య కాదు, డాక్టర్‌ను కలవాలి. షుగర్ ఉన్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు కూడా 30 గ్రాముల లెక్క యథాతథంగా వర్తించదు.

ముందు ఏం జరగవచ్చు?

2022 సెప్టెంబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకెట్ ముందువైపు నక్షత్రాలు ముద్రించే ముసాయిదా తెచ్చింది. మంచి పోషకాలుంటే చెడ్డవాటి మార్కులు కొంత చెరిగిపోతాయని, నక్షత్రం చూస్తే ఏదైనా మంచిదే అనిపిస్తుందని ఆరోగ్య కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద నిపుణుల కమిటీ మూడు నెలల్లో సిఫార్సులు ఇవ్వాలని ఆదేశించింది. ఆ తర్వాత గడువు పొడిగించారు.

ఏ గుర్తు వేస్తారన్నదాని కన్నా దేన్ని ఆధారంగా వేస్తారన్నది పోర్షన్ల విషయంలో ముఖ్యం. చిలీ దేశం 2016లో నల్ల అష్టభుజి గుర్తులు తెచ్చింది. అక్కడ కొలమానం వంద గ్రాములు. 2019 నుంచి వంద గ్రాములకు 275 కిలోకేలరీలు, 400 మిల్లీగ్రాముల సోడియం దాటితే ఆ గుర్తులు పడతాయి. ఈ లెక్కన చిప్స్, మిక్చర్, బిస్కెట్లు ఏ సైజు ప్యాకెట్‌లో ఉన్నా తప్పించుకోలేవు. అదే సర్వింగ్ ఆధారంగా హద్దు పెడితే, సర్వింగ్‌ను 30 నుంచి 20 గ్రాములకు కుదించడం ద్వారా అదే చిప్స్ గుర్తు లేకుండా బయటపడే దారి దొరుకుతుంది. కంపెనీలు సాధారణంగా సర్వింగ్ పద్ధతి వైపు, ఆరోగ్య సంస్థలు వంద గ్రాముల పద్ధతి వైపు మొగ్గడం వెనక ఉన్నది ఈ లెక్కే. అయితే వంద గ్రాముల గుర్తుకూ ఒక పరిమితి ఉంది. ఐదు రూపాయల ప్యాకెట్ మీదా, ఫ్యామిలీ ప్యాక్ మీదా ఒకే గుర్తు ఉంటుంది కాబట్టి, ఏది తినకూడదో చెబుతుంది కానీ ఎంత దగ్గర ఆగాలో చెప్పదు. దానికి మొత్తం ప్యాకెట్ లెక్క చూపే రెండో వరుస కూడా కావాలి.

ఈ రెండూ వచ్చినా అవి ప్యాకెట్లకే. తూకానికి అమ్మే కారప్పూసకు, పండగ డబ్బాలో జంతికలకు ముందువైపు గుర్తు వచ్చే అవకాశం ఇప్పట్లో కనిపించదు. అక్కడ కొలత మొదలయ్యేది దుకాణం కాటా మీదే. పావు కేజీ అడిగితే పావు కేజీ, వంద గ్రాములు అడిగితే వంద గ్రాములు కట్టిస్తారు.